విరిగిపోవు ఖడ్గము: వీడియో ఆటలలో మన్నిక లెక్క

పచ్చిక బయలులో ఒక యువకుడు నిలిచియున్నాడు. చేతిలో కత్తి, ఎదుట ముగ్గురు శత్రువులు. మొదటివాడు కూలిపోయెను. రెండవవానిపై వేటు వేయుచుండగా తెరపై ఒక హెచ్చరిక కనిపించును: ఆయుధము బాగుగా దెబ్బతిన్నది. మరి రెండు వేట్లకు కత్తి తునాతునకలై మాయమగును. మూడవవాడు గద ఎత్తి మీదికి వచ్చుచున్నాడు. ఇక యువకుడు, నేలకూలిన శత్రువు విడిచిన గదను అందుకొనవలెను. లేదా పరుగు తీయవలెను.

జపానుకు చెందిన నింటెండో సంస్థ 2017 మార్చి 3వ తేదీన విడుదల చేసిన 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్' అను ఆటలో ఇట్టి సంఘటన మాటిమాటికి జరుగును. స్విచ్ అను యంత్రము కొరకు తయారైన ప్రతులే 3 కోట్లకు పైగా అమ్ముడుపోయిన ఆట యిది. దీనిని మెచ్చుకొన్నవారు అసంఖ్యాకులు. ఆ మెచ్చుకొన్నవారిలోనే, కత్తి విరుగుటను మాత్రము సహింపలేనివారు అనేకులు. కష్టపడి సంపాదించిన వస్తువును చేతిలోనుండి లాగివేయుట న్యాయము కాదని వారి వాదము.

ఆలోచించినచో ఈ వాదములో బలము లేకపోలేదు. కంప్యూటరులోని కత్తిలో ఇనుము లేదు. దానికి తుప్పు పట్టదు, బీట పడదు. దానిని సృష్టించినవారు వలదనుకొన్నచో అది ఎన్నటికిని అరగదు. అట్టి కత్తిని పనిగట్టుకొని విరుగునట్లు చేయుట ఎందుకు? ఈ ప్రశ్నకు సమాధానము ఒక్క ఆటలో దొరకదు. దాదాపు అర్ధ శతాబ్దముగా సాగుచున్న ఒక చిన్న లెక్క చరిత్రలో దానిని వెదుకవలెను. ఆ లెక్కకు ఆటగాండ్రు పెట్టుకొన్న పేరు మన్నిక.

తుప్పు పట్టించు జంతువు

1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటను ప్రచురించిరి. ఇది కంప్యూటరు ఆట కాదు. నలుగురు బల్ల చుట్టు కూర్చుండి, కాగితము, పెన్సిలు, పాచికలు ముందు పెట్టుకొని, ఊహాలోకములో సంచరించు ఆట. 1975లో వెలువడిన దాని అనుబంధ గ్రంథములో ఒక వింత జంతువు కలదు. దాని మీసములు తగిలిన లోహము తుప్పుపట్టి పొడియై రాలిపోవును. అంగడిలో చవుకగా దొరకు ఒక ప్లాస్టిక్ బొమ్మను చూచి గైగాక్స్ ఈ జంతువును కల్పించెను.

ఈ జంతువు మనిషి ప్రాణమును కోరదు. దానికి కావలసినది ఇనుము మాత్రమే. అయినను దానిని చూచిన ఆటగాడు భయపడును. దేహమునకు తగిలిన గాయము విశ్రాంతితో మానిపోవును. పోయిన కవచము తిరిగి రాదు. తరువాత వచ్చిన ఆటలన్నియు వాడుకొన్న భయమునకు ఇది తొలి రూపము.

1980 ప్రాంతమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనువారు 'రోగ్' అను కంప్యూటరు ఆటను వ్రాసిరి. కెన్ ఆర్నాల్డ్ అనునతడు తరువాత వారితో చేరెను. ఇందులో బొమ్మలు లేవు. టైపు అక్షరములే గోడలు, అక్షరములే రాక్షసులు. ఆ రాక్షసులలో 'ఆక్వేటర్' అనునది కవచమునకు తుప్పు పట్టించును. కాని తోలు కవచమును అది ఏమియు చేయలేదు. కనుక తెలివిగల ఆటగాడు దూరమునుండి దానిని చూడగానే లోహ కవచమును విప్పివేసి, వట్టి దేహముతో దానిని ఎదుర్కొనును. దెబ్బలు తగిలినను కవచము మిగులును.

ఈ వంశములో 1987లో పుట్టిన 'నెట్‌హాక్' అను ఆట మరి యొక అడుగు ముందుకు వేసినది. అందులో ఏ వస్తువు ఏ పదార్థముతో చేయబడినదో కంప్యూటరు గుర్తుంచుకొనును. ఇనుము నీటికి తుప్పుపట్టును, చెక్క నిప్పుకు కాలును, తోలు కుళ్ళును, రాగిని ఆమ్లము తినివేయును. ఒక్కసారిగా కాక కొద్దిగా, చాలగా, పూర్తిగా అని అంచెలంచెలుగా వస్తువు చెడును.

ఈ ఆటలన్నిటిలోను ఒక సామాన్య లక్షణము గమనింపదగినది. వస్తువు చెడుటకు ఒక కారణము ఉండవలెను: నీరు, నిప్పు, ఆమ్లము, లేదా ఒక జంతువు. కారణము లేనిచో కత్తితో వేయి వేట్లు వేసినను అది అరగదు.

లెక్క ప్రవేశించుట

రెండవ మార్గము జపానులో మొదలైనది. 1990 ఏప్రిలులో నింటెండో విడుదల చేసిన 'ఫైర్ ఎంబ్లెమ్' అను యుద్ధవ్యూహపు ఆటలో ప్రతి ఆయుధమునకు ఒక సంఖ్య కలదు. ప్రయోగించిన కొలది ఆ సంఖ్య తగ్గును. సున్న అయిన వెంటనే ఆయుధము విరుగును. ఇచ్చట నీరు లేదు, తుప్పు లేదు. ఉపయోగమే అరుగుదల.

ఈ వరుసలో 2003లో గేమ్ బాయ్ అడ్వాన్స్ యంత్రము కొరకు వచ్చిన ఆటను పరిశీలించిన విచిత్రమైన విషయము తెలియును. అందులో ఇనుప కత్తి 46 మారులు పనికి వచ్చును. ఉక్కు కత్తి 30 మారులు. వెండి కత్తి 20 మారులు. వెండి మెత్తనిది గనుక త్వరగా చెడుట సహజమే యనుకొన్నను, ఇనుముకంటె ఉక్కు త్వరగా విరుగుట ఏ కమ్మరియు ఒప్పుకొనని మాట. కాని ఈ సంఖ్యలను నిర్ణయించినది లోహశాస్త్రము కాదు. వెండి కత్తి దెబ్బ అన్నిటికంటె గట్టిది. అది ఎన్నటికిని విరుగనిచో ఆటగాడు మరి దేనిని ముట్టుకొనడు. పదునైన ఆయుధమును ఏ శత్రువు కొరకు దాచవలెను, దేనిని దినదినము వాడవలెను అను ఆలోచనను ఆటగానిలో రేకెత్తించుటకే ఆ సంఖ్యలు అట్లు పెట్టబడినవి.

1996 చివర అమెరికాలో వెలువడిన 'డయాబ్లో' ఈ లెక్కకు మరమ్మతును జోడించినది. గ్రామములోని కమ్మరి గ్రిస్వోల్డు రుసుము తీసుకొని ఆయుధమును తిరిగి కొత్తదానివలె చేయును. యోధుడు తనంతట తానుగా యుద్ధభూమిలోనే బాగుచేసికొనవచ్చును. అందుకు డబ్బు అక్కరలేదు గాని, చేసికొన్న ప్రతిసారి ఆ ఆయుధము యొక్క గరిష్ఠ మన్నిక కొంత తగ్గిపోవును. సున్నకు చేరిన వస్తువు శాశ్వతముగా నాశనమగును. 2000లో వచ్చిన రెండవ 'డయాబ్లో'లో ఈ కాఠిన్యము సడలినది. సున్నకు చేరిన ఆయుధము మరమ్మతు జరుగువరకు పనిచేయదు, అంతే.

నిజమైన లోహము ఎట్లు విరుగును

ప్రతి వేటుకు ఒక అంకె తగ్గించి, సున్నవద్ద విరుగగొట్టుట పిల్లల లెక్కవలె కనిపించును. కాని ఇంజనీర్లు నిజమైన లోహమును గూర్చి ఇంచుమించు ఇట్టి లెక్కకే చేరుకొనిరి. అందుకు నూరు సంవత్సరములు పట్టినది, అనేక ప్రాణములు పోయినవి.

1842 మే 8వ తేదీన ఫ్రాన్సులో వెర్సాయి నుండి పారిసుకు తిరిగి వచ్చుచున్న రైలుబండి యింజను ఇరుసు విరిగినది. పెట్టెలు ఒకదానిపై నొకటి ఎక్కి మంటలు చెలరేగి 50 మందికి పైగా మరణించిరి. ఆ ఇరుసు మోయవలసిన బరువు దాని శక్తికి మించినది కాదు. ఎన్నో దినములు అదే బరువును సుఖముగా మోసిన ఇరుసు ఒకనాడు ఏ హెచ్చరికయు లేక విరుగుట ఇంజనీర్లకు అంతుపట్టలేదు.

ఈ చిక్కును విడదీసినవాడు ప్రష్యా రైల్వేల ఇంజనీరు ఆగస్ట్ వోలర్. 1850ల నుండి 1870 వరకు ఆయన ఇరుసులపై బరువు మోపి, యంత్రముతో లక్షలకొలది మారులు త్రిప్పి, ఎన్ని చుట్లకు విరుగునో లెక్కించెను. ఒక్కమారు మోపిన విరుగని బరువైనను, మాటిమాటికి మోపిన విరుగునని తేలెను. బరువు తగ్గించిన కొలది లోహము ఎక్కువ చుట్లను ఓర్చుకొనును. ఇనుము, ఉక్కు విషయములో ఒక హద్దు కూడ కలదు. ఆ హద్దునకు లోబడిన బరువును లోహము ఎంతకాలమైనను ఓర్చుకొనును. దీనినే లోహపు అలసట అందురు. ఉపరితలముపై ఏ గీటువద్దనో, ఏ మూలవద్దనో సన్నని బీట మొదలై, ప్రతి చుట్టుకు కొద్దికొద్దిగా పెరిగి, మిగిలిన లోహము బరువును మోయలేని దినమున అకస్మాత్తుగా తెగిపోవును.

అయితే బరువు ఒకే తీరున ఉండనప్పుడు ఆయుర్దాయమును లెక్కించుట ఎట్లు? స్వీడను దేశీయుడు పామ్‌గ్రెన్ 1924లో బాల్ బేరింగులను గూర్చి, అమెరికాలో విమానముల ఇంజనీరు మైనర్ 1945లో ఒక సులభమైన సూత్రమును ప్రతిపాదించిరి. ఒక గట్టి దెబ్బకు లోహము 10,000 మారులలో విరుగుననుకొందము. అప్పుడు ఒక్కొక్క దెబ్బ దాని ఆయువులో 10,000వ వంతును తినివేయుచున్నది. మరి యొక మెత్తని దెబ్బకు 1,00,000 మారులలో విరుగుననుకొన్నచో, ఆ దెబ్బ ఆయువులో 1,00,000వ వంతును తినును. గట్టివి 5,000, మెత్తనివి 50,000 పడినచో సగము, సగము కలిసి ఒకటి. అప్పుడు లోహము విరుగును. ఆటలోని మన్నిక సంఖ్య కూడ ఇట్టిదే. 46 ప్రయోగములు గల కత్తికి ఒక్కొక్క ప్రయోగము 46వ వంతు.

పోలిక ఇంతవరకే. ఆటలోని కత్తి సరిగా 46వ ప్రయోగముననే విరుగును. ఒకే ముద్దనుండి చేసిన రెండు లోహపు కడ్డీలను ఒకే బరువుక్రింద త్రిప్పినను ఒకటి మరియొకదానికంటె ఎన్నో రెట్లు నిలువవచ్చును. గట్టి దెబ్బలు ముందు పడినవా, మెత్తనివి ముందు పడినవా అనుదానిని బట్టికూడ ఆయువు మారును. మైనర్ సూత్రమునకు ఈ వరుసతో పని లేదు; అది ఒక తొలి అంచనా మాత్రమే. వాడి మొద్దుబారుట, అనగా రాపిడివలన జరుగు అరుగుదల, అలసటకంటె వేరైన విషయము. ఆటలు సాధారణముగా ఈ రెండింటిని ఒకే సంఖ్యలో కలిపివేయును. 2002లో వచ్చిన 'మారోవిండ్' అను ఆట కొంత నయము. అందులో దెబ్బ తీవ్రతను బట్టి కత్తి చెడును. చెడిన కొలది దాని దెబ్బయు తగ్గును.

మరమ్మతు, పన్ను, విసుగు

ఇంటర్‌నెట్ ద్వారా వేలాదిమంది కలిసి ఆడు ఆటలు ప్రబలిన తరువాత మన్నికకు మరియొక ఉద్యోగము దొరకినది. 1997లో ఆరంభమైన 'అల్టిమా ఆన్‌లైన్' నిర్మాతలు తమ లోకములోని ముడిపదార్థము హెచ్చక, తగ్గక, చేతులు మారుచు తిరుగునట్లు మొదట ఏర్పాటు చేసిరి. ఆటగాండ్రు వస్తువులను వాడక, అమ్మక, ఇండ్లలో గుట్టలుగా దాచిరి. లోకములో కొత్త వస్తువులు పుట్టుటకు పదార్థము కరవైనది. ఆ ఏర్పాటును నిర్మాతలు విడిచిపెట్టవలసి వచ్చెను.

2004లో వచ్చిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' వేరు ఉపాయమును అనుసరించినది. అందులో ప్రతి రాక్షసుని చంపిన కొత్త బంగారము పుట్టును. పుట్టినదంతయు నిలిచిపోయినచో ధరలు పెరిగి నాణెమునకు విలువ ఉండదు. కనుక బంగారము బయటికి పోవు తూము కావలెను. ఆటగాడు చనిపోయిన ప్రతిసారి అతడు ధరించిన వస్తువుల మన్నిక నూటికి 10 వంతులు తగ్గును; దానిని బాగుచేయుటకు వర్తకునికి బంగారము చెల్లించవలెను. ఆ బంగారము ఎవరికిని చేరదు, లోకమునుండి మాయమగును. ఇచ్చట మన్నిక యొక పన్ను. వస్తువు నిజముగా పోదు. పోవునది రుసుము మాత్రమే.

ఒంటరిగా ఆడు ఆటలలో ఇట్టి తూముతో అవసరము తక్కువ. అయినను మన్నిక వాటిలోను వ్యాపించినది. 1999లో వచ్చిన 'సిస్టమ్ షాక్ 2'లో తుపాకులు ఎంత త్వరగా చెడిపోయెడివనగా, తరువాతి సవరణలో ఆ అరుగుదలను తగ్గించుకొనుటకు ఆటగానికే వీలు కల్పించిరి. 2006లోని 'ఆబ్లివియన్'లో ఆటగాడు సంచినిండ సుత్తెలు మోసికొనిపోయి, పోరు ముగిసిన ప్రతిసారి కవచమును బాగుచేయవలెను; ఆ సుత్తెలును విరుగును. 2008లోని 'ఫాల్ఔట్ 3'లో పాత తుపాకిని బాగుచేయుటకు అట్టిదే మరియొక తుపాకిని విప్పి భాగములు తీయవలెను. అణుయుద్ధములో నాశనమైన లోకమునకు ఈ ఏర్పాటు బాగుగా అతికినది.

అదే సంవత్సరములో కెనడాలోని మాంట్రియాల్‌లో తయారైన 'ఫార్ క్రై 2' మరింత సాహసించినది. కథాస్థలము అంతర్యుద్ధములో ఉన్న ఒక కల్పిత ఆఫ్రికా దేశము. శత్రువు విడిచిన తుపాకి అప్పటికే తుప్పుపట్టి యుండును. దానితో కాల్చుచుండగా గుండు ఇరుక్కొనిపోవును. ఆటగాడు దానిని కొట్టి, లాగి విడిపించవలెను. చివరకు తుపాకి చేతిలోనే పగిలిపోవును. అంగడిలో కొన్న కొత్త తుపాకి అంత త్వరగా చెడదు. కొందరికి ఇది సహింపరాని విసుగు. యుద్ధములో ఏదియు అనుకొన్నట్లు జరుగదను అనుభవము ఇచ్చినదని మరి కొందరు దీనినే కొనియాడుదురు.

2011 నవంబరులో వచ్చిన 'స్కైరిమ్' ఈ లెక్కను పూర్తిగా తీసివేసినది. సానరాయి మాత్రము మిగిలినది. అయితే అది పోయిన పదును తెచ్చుటకు కాక, ఉన్న పదును పెంచుటకు. కాపాడుకొను పని పోయి మెరుగుపరచుకొను పని వచ్చినది. దీనికై విచారించినవారు కొద్దిమందియే. ఆ ఒక్క మార్పు వలన, అంతవరకు ఆ వరుసలో మన్నిక చాలవరకు ఒక చాకిరి మాత్రమేయని తేలిపోయినది.

మన్నిక లెక్క ఎంత బుద్ధిపూర్వకముగా చేసినను, దానిని యంత్రమునకు అప్పగించునప్పుడు ఎట్టి పొరపాటు జరుగవచ్చునో 2014లోని 'డార్క్ సోల్స్ 2' చూపినది. అది మొదట సెకనుకు 30 చిత్రములు గీయు యంత్రములపై వచ్చినది. తరువాత సెకనుకు 60 చిత్రములు గీయు కంప్యూటర్లపై ఆడినవారి ఆయుధములు ఇంచుమించు రెట్టింపు వేగముతో అరిగిపోసాగినవి. అరుగుదల లెక్క, గీయబడు చిత్రముల సంఖ్యతో ముడిపడియుండుటయే కారణము. కత్తిలో లోపము లేదు, వేటులో భేదము లేదు. కొలుచు గడియారము మాత్రము రెండింతలు పరుగెత్తినది. 2015లో ఈ తప్పు సరిదిద్దబడినది.

వజ్రపు పార

2009లో బయటికి వచ్చి, 2011లో పూర్తి రూపమును పొందిన 'మైన్‌క్రాఫ్ట్' స్వీడనులో పుట్టినది. ఆటగాడు నేలను, రాతిని, చెట్టును త్రవ్వి, నరికి, దొరకినదానితో పనిముట్లు చేసికొనును. ఆ పనిముట్ల మన్నిక సంఖ్యలు పసిపిల్లలకు కూడ కంఠపాఠము. చెక్క 59, రాయి 131, ఇనుము 250, వజ్రము 1561. బంగారము 32 మాత్రమే. 2020లో చేరిన 'నెథరైట్' అను కల్పిత లోహము 2031.

బంగారము చెక్కకంటె త్వరగా చెడుటలో కొంత సత్యము కలదు. అది నిజముగా మెత్తని లోహము. కాని వజ్రము సంగతి అట్లు కాదు. కాఠిన్యము వేరు, దృఢత్వము వేరు. వజ్రము దేనినైనను గీయగలదు, దానిని మరియొకటి సులభముగా గీయజాలదు. కాని సుత్తెతో మోదిన, దాని స్ఫటికములోని కొన్ని తలముల వెంట అది పగిలిపోవును. వజ్రముతో చేసిన పారతో రాతిని పొడుచుట తెలివైన పని కాదు. రాతిని తొలుచు యంత్రములలో వజ్రమును వాడుట నిజమే. అయితే అచ్చట అది చిన్న రవ్వలుగా లోహములో పొదుగబడి, దెబ్బను లోహము ఓర్చుకొనగా, గీయుపనిని మాత్రము చేయును.

ఈ ఆటలో పనిముట్టు విరుగుటకు ఎవ్వరును అంతగా నొచ్చుకొనరు. కారణము స్పష్టము. ఆ పనిముట్టును చేసినది ఆటగాడే. ఏ రాతి క్రింద ఏమి దొరకునో, మరల ఎట్లు చేయవలెనో అతనికి తెలియును. పనిముట్టు పోయినను దానిని చేయు విద్య పోదు.

జెల్డా ఖడ్గములు

ఇప్పుడు మొదట చూచిన పచ్చిక బయలునకు తిరిగి రావచ్చును. 'జెల్డా' ఆటల వంశము 1986లో జపానులో ఆరంభమైనది. అందులోని కొయ్యకత్తి ఎన్నటికిని విరుగదు. కాని 'లైక్ లైక్' అను జంతువు డాలును మ్రింగివేయును. 1998లోని 'ఒకరీనా ఆఫ్ టైమ్'లో ఒక పెద్ద కత్తి కలదు. డబ్బిచ్చి కొన్నచో కొద్ది వేట్లకే అది విరిగి మొండి మిగులును. ఊరూర తిరిగి వస్తువులను మార్చుకొనుచు, గొప్ప కమ్మరిని ఆశ్రయించి సంపాదించిన కత్తి మాత్రము విరుగదు. 2000లోని 'మజోరాస్ మాస్క్'లో పదును పెట్టించిన కత్తి 100 వేట్లకు మొద్దుబారి మునుపటి కత్తిగా మారిపోవును. బంగారు రజనుతో మరల పోత పోయించినచో ఆ భయము తీరును. ఈ ఆటలలో విరుగుట ఒక కథ. అది ఎప్పుడో ఒకసారి జరుగును. విరుగని కత్తి దానికి బహుమానము.

2017లో దర్శకుడు హిడెమారో ఫుజిబయాషి, నిర్మాత ఎయిజి ఆవోనుమా ఈ వరుసను తలక్రిందులు చేసిరి. ఆట లోకము విశాలమైనది. ఆటగాడు తొలి ఘట్టము దాటిన వెంటనే ఏ దిక్కునకైనను పోవచ్చును; కోరినచో తిన్నగా చివరి శత్రువువద్దకే పోవచ్చును. ఈ స్వేచ్ఛలోనే ఒక చిక్కు కలదు. ధైర్యము చేసి ఒక ప్రమాదస్థలమునకు పోయి గొప్ప ఖడ్గమును ఎత్తుకొని వచ్చినవానికి, అది ఎన్నటికిని విరుగనిచో, తక్కిన లోకమంతయు చప్పబడిపోవును. పెట్టెలు తెరచుటకు, శిబిరములపై దాడి చేయుటకు అతనికి ఇక కారణముండదు. దారి నిర్ణయింపబడిన ఆటలో, ఏ ఆయుధము ఎప్పుడు దొరకవలెనో నిర్మాత నిర్ణయించును. దారి లేని ఆటలో ఆ పనిని మన్నిక సంఖ్య చేయవలసి వచ్చెను.

కనుక చెట్టుకొమ్మ 4 దెబ్బలకు, బాటసారి కత్తి 20 దెబ్బలకు, అశ్వయోధుని కత్తి 27 దెబ్బలకు, రాజఖడ్గము 36 దెబ్బలకు విరుగునట్లు నిర్ణయించిరి. ఈ సంఖ్యలు తెరపై కనపడవు. చివరి దెబ్బలకు ముందు హెచ్చరిక మాత్రము వచ్చును. విరుగు దెబ్బ రెట్టింపు బలముతో తగులును. అందువలన విరుగబోవు కత్తిని శత్రువుపైకి విసరివేయుట ఒక యుద్ధకౌశలమైనది. నష్టములోనే చిన్న లాభమును పొదిగిరి. వంశములోని ప్రసిద్ధమైన మాస్టర్ స్వోర్డు మాత్రము విరుగదు. శక్తి తరిగి, 10 నిమిషములు విశ్రమించి, మరల పనికి వచ్చును.

లెక్కతోపాటు, పాత 'నెట్‌హాక్' మార్గమును కూడ వారు విడువలేదు. 2017 మార్చిలో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన ఆటనిర్మాతల సమావేశములో ఫుజిబయాషి, సాంకేతిక దర్శకుడు తకుహిరో దోతా మొదలైనవారు తమ పద్ధతిని వివరించిరి. వస్తువులు ఢీకొనుట, పడుట మొదలగువానిని చూచు భౌతికశాస్త్రపు యంత్రాంగమునకు తోడు, ఒక రసాయనశాస్త్రపు యంత్రాంగమును వారు నిర్మించిరి. నిప్పు, నీరు, విద్యుత్తు మొదలగునవి పదార్థముల స్థితిని మార్చును. అందువలన కొయ్యగద నిప్పు అంటుకొని కాలిపోవును. ఉరుములు ఉరుముచుండగా లోహపు ఖడ్గమును ధరించి తిరుగువానిపై పిడుగు పడును. ఆ ఖడ్గమునే శత్రువుల నడుమ విసరినచో పిడుగు వారిపై పడును. ఇట్లు కారణముచేత చెడు వస్తువు, లెక్కచేత చెడు వస్తువు ఒకే ఆటలో కలిసినవి.

అయినను గొణుగుడు ఆగలేదు. దీనికి మానసికశాస్త్రము ఒక కారణము చెప్పగలదు. డానియెల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనువారు 1979లో ప్రకటించిన సిద్ధాంతము ప్రకారము, ఒక వస్తువు వచ్చినప్పటి సంతోషముకంటె అంతే విలువగల వస్తువు పోయినప్పటి బాధ పెద్దది. విరిగిన కత్తికి బదులు వెంటనే మరియొక కత్తి దొరకినను మనస్సులోని జమాఖర్చు సరిపోదు. మరియొక విపరీతము కూడ కలిగినది. గొప్ప ఆయుధములు విరిగిపోవునను భయముతో అనేకులు వాటిని వాడకుండ, ఆట ముగియువరకు సంచిలోనే దాచిరి. ఆటగానిచేత కొత్తవి వెదికించుటకు పెట్టిన నియమము వారిచేత పాతవి దాపించినది. 'అల్టిమా ఆన్‌లైన్' ఇండ్లలో జరిగినదే ఇచ్చట సంచిలో జరిగినది.

2023 మే 12న వచ్చిన 'టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్' దీనికి సమాధానము చెప్పినది. నిర్మాతలు మన్నికను తీసివేయలేదు, మరింత ముందుకు తెచ్చిరి. భూగర్భమునుండి లేచిన ఒక విషము వలన దేశములోని ఆయుధములన్నియు చెడిపోయినవని కథలోనే చెప్పిరి. అందుకు తోడు, ఏ ఆయుధమునకైనను ఏ వస్తువునైనను అతికించు విద్యను ఆటగానికి ఇచ్చిరి. కట్టెకు బండరాయిని అతికించిన సుత్తె యగును. రాక్షసుని కొమ్మును అతికించిన తుప్పుకత్తియు గొప్ప ఖడ్గమగును. అతికించుట వలన మన్నికయు పెరుగును. ఇప్పుడు కత్తి విరిగిన తరువాత ఆటగాడు నేలవైపు, చెట్లవైపు, చంపిన రాక్షసుల కొమ్ములవైపు చూచును. 'మైన్‌క్రాఫ్ట్' పిల్లలవలె అతడును, పోయిన వస్తువును మరల చేయగల విద్య గలవాడయ్యెను.

మిగిలిన ప్రశ్న

ఈ లెక్క అన్ని ఆటలకు అవసరమని చెప్పుటకు వీలులేదు. 2022లో వచ్చిన 'ఎల్డెన్ రింగ్' కూడ విశాలమైన లోకమే. 'డార్క్ సోల్స్' నిర్మించినవారే తమ పాత మన్నిక లెక్కను అందులో విడిచిపెట్టిరి. లోకము చప్పబడలేదు. వారి ఆటలో కత్తికి తగిన బలము, నైపుణ్యము ఆటగాడు క్రమముగా సంపాదించుకొనవలెను; దొరకిన ప్రతి కత్తి వెంటనే పనికి రాదు. ఒకే చిక్కును వారు మరియొక దారిలో విప్పిరి. 'ఫాల్ఔట్' వరుసలో 2015లో తీసివేసిన లెక్క 2018లో తిరిగి వచ్చినది. 'ఫైర్ ఎంబ్లెమ్' వరుసలోను అది పోవుచు, వచ్చుచు ఉన్నది.

ఈ రాకపోకలను గమనించిన ఒక సంగతి బోధపడును. మన్నిక సంఖ్య లోహమును గూర్చినదివలె కనపడినను, దాని మంచిచెడ్డలను లోహముతో తూచుట కుదరలేదు. ఉక్కు ఇనుముకంటె ముందు విరుగు 'ఫైర్ ఎంబ్లెమ్'ను ఆటగాండ్రు ప్రేమించిరి. నిజమైన తుపాకివలె ఇరుక్కొనిపోవు తుపాకులను కొందరు ద్వేషించిరి. విరిగిన పిమ్మట రుసుము చెల్లించుట తప్ప మరేమియు చేయనక్కరలేని చోట అది విసుగైనది. విరిగిన పిమ్మట చుట్టు చూచి, ఆలోచించి, చేతికందినదానితో కొత్త పని చేయవలసిన చోట అది ఆటకు ప్రాణమైనది.

వోలర్ ఇరుసులను విరుగగొట్టినది విరుగుట కొరకు కాదు. ఏ బరువు సురక్షితమో తెలిసికొనుటకు. ఆయన పరిశోధనలవలన ఇరుసులను మార్చవలసిన కాలమును ముందుగా ఎరుగు విద్య ఏర్పడినది, రైలు ప్రయాణము సురక్షితమైనది. ఆటలో విరుగు కత్తి ఎవరి ప్రాణమును తీయదు. కాని చేతిలోని సాధనము శాశ్వతము కాదని ముందే ఎరిగి, అది పోయిన నాటికి ఏమి చేయవలెనో ఆలోచించు అలవాటును అది ఒక పిల్లవానికి నేర్పినచో, పచ్చిక బయలులో విరిగిన ఆ ఖడ్గము వృథాగా పోయినట్లు కాదు.